గార్డియన్ సర్టిఫికెట్ అడిగే ముందు: తన మాట తాను చెప్పుకోలేని మనిషి తరఫున నిలబడే దారుల్లో ఏది ఎప్పుడు

“మేడమ్, మావాడికి గార్డియన్ సర్టిఫికెట్ కావాలంట. ఎక్కడిస్తారు?”

మా ఆఫీసు మెట్లెక్కి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదటి మాట ఇదే. ఎవరడిగారమ్మా అంటే ఒకరు బ్యాంకంటారు, ఒకరు పింఛను ఆఫీసంటారు, ఇంకొకరు ఆసుపత్రంటారు. ఎందుకు అడిగారో మాత్రం వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. కొత్తలో నేను ఆ మాట పట్టుకుని వెంటనే దరఖాస్తు రాయించేదాన్ని. ఇప్పుడు రాయించను. ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇంతకీ ఏ పని ఆగిపోయిందో అడుగుతాను. ఒకే పేరుతో అడిగే ఆ కాగితం వెనక అయిదారు రకాల అవసరాలుంటాయి. ఒక్కో అవసరానికి చట్టంలో ఒక్కో దారి ఉంది. తప్పు దారి పట్టిస్తే నెలల తరబడి తిరిగాక “ఇది మా పరిధిలోకి రాదు” అనే జవాబొస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. అవసరానికి మించిన కాగితం తెచ్చిపెడితే, ఆ బిడ్డ తన గురించి తాను చెప్పగలిగిన నాలుగు మాటలకూ విలువ లేకుండా పోతుంది.

అందుకే నేను చూసే లెక్క ఒక్కటే. పని జరగాలి, ఆ మనిషి చేతిలోంచి అతి తక్కువ తీసుకునే దారిలో జరగాలి. జిల్లాల్లో, మండలాల్లో ఇలాంటి కుటుంబాలకు తోడుగా తిరిగే చిన్న సంస్థల వాళ్ల కోసం ఆ దారులను పక్కపక్కన పెట్టి చెబుతున్నాను.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లు కొందరికి ‘స్వతంత్ర అడ్వకేట్’ అనే మాట తెలిసే ఉంటుంది. అక్కడ 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం, నిర్ణయం తీసుకునే స్థితిలో లేని రోగికి నా అన్నవాళ్లు ఎవరూ లేకపోతే, పెద్ద వైద్యం చేసే ముందు, ఎక్కువకాలం ఉండాల్సిన చోటుకి మార్చే ముందు ఒక స్వతంత్ర అడ్వకేట్‌ను పెట్టాలి. ఆ మనిషి కోర్టు లాయరు కాదు, ఆసుపత్రి జీతగాడూ కాదు. రోగి ఏం కోరుకునేవాడో కనుక్కుని అది డాక్టర్ల ముందు పెట్టడమే అతని పని. స్కాట్లండ్ 2003లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం అలాంటి తోడు పొందే హక్కును మానసిక సమస్య ఉన్న ప్రతి ఒక్కరికీ ఇచ్చింది. మన దేశంలో ఆ పేరుతో ఆ కొలువు లేదు. ఆ పని మన చట్టాల్లో ముక్కలు ముక్కలుగా ఉంది. కొంత కుటుంబానికి, కొంత కలెక్టరుకి, కొంత బోర్డుకి, కొంత మనలాంటి సంస్థలకి పంచి ఉంది. ఎంచుకోవడం కష్టమయ్యేది అందుకే.

ముందు సర్టిఫికెట్ మీద ఏం రాసుందో చూడండి

సదరం సర్టిఫికెట్టో (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డో (వైకల్య గుర్తింపు కార్డు) చేతిలోకి తీసుకుని, వైకల్యం రకం అన్న చోట ఏముందో చదవండి. మన వాడుకలో ‘మెంటల్’ అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు స్థితులను కలిపేస్తాం. పుట్టుకతోనో చిన్నతనంలోనో బుద్ధి ఎదుగుదల తగ్గడం మేధోవైకల్యం. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి మానసిక జబ్బులు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బుకి ఇచ్చిన నిర్వచనంలోంచి మేధోవైకల్యాన్ని స్పష్టంగా పక్కన పెట్టింది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం మాత్రం నాలుగింటికే వర్తిస్తుంది: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు. స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకు కోసం నేషనల్ ట్రస్ట్ కమిటీకి దరఖాస్తు పెట్టిన తండ్రిని నేను చూశాను. ఆయనకు దారి చూపినవాళ్లు మంచి మనసుతోనే చూపారు. ఫైలు మాత్రం వెనక్కొచ్చింది.

రెండో ప్రశ్న, ఆగిన పని దేనికి సంబంధించింది? వైద్యమా, డబ్బా, స్థిరాస్తా, రోజువారీ సంరక్షణా? ఈ రెండు జవాబులూ దొరికితే దారి దాదాపు తేలిపోతుంది.

ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేని పనులు

ఇక్కడ ఆగకుండా ముందుకు వెళ్లిపోతారు చాలామంది. దయచేసి ఆగండి. వచ్చిన కేసుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి సంతకం పెట్టలేడు, బ్యాంకులో గార్డియన్ కాగితం అడిగారు. ఆయన బుద్ధి చక్కగా ఉంది, చెయ్యే కదలదు. ఇలాంటి ఖాతాదారుల గురించి రిజర్వు బ్యాంకు సూచన ఎప్పటినుంచో ఉంది. చేతి వేలిముద్ర గానీ కాలి వేలిముద్ర గానీ తీసుకుని, బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు గుర్తిస్తే డబ్బు ఇవ్వవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. మేనేజరు దగ్గరికి వెళ్లి ఈ సూచన గురించి మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ల పిల్లల విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. మానసిక వైకల్యమున్న బిడ్డకు తమ తర్వాత వచ్చే కుటుంబ పింఛనును ఎవరి ద్వారా ఇవ్వాలో పింఛనుదారు బతికుండగానే నామినేషన్ ఇచ్చుకోవచ్చు. అలా ఇచ్చి ఉంటే కోర్టు గార్డియన్ సర్టిఫికెట్ కోసం పట్టుబట్టకూడదన్నది అక్కడి నియమం. తండ్రి పోయాక తల్లి కలెక్టరేట్ చుట్టూ తిరిగే తిప్పలు, తండ్రి ఉండగా రాసిన ఒక్క కాగితంతో తప్పుతాయి. పెన్షనర్ల సంఘాల సమావేశాలకు వెళ్లినప్పుడల్లా నేను ఈ మాట చెబుతాను.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్‌ను కూడా ఒక కాపీ తీసి ఫైల్లో పెట్టుకోండి. వైకల్యమున్న మనిషికి అందరితో సమానంగా ఆస్తి కలిగి ఉండే, వారసత్వంగా పొందే, తన డబ్బు వ్యవహారాలు తాను నడుపుకునే, బ్యాంకు రుణం తీసుకునే హక్కు ఉందని అది చెబుతుంది. కౌంటరు దగ్గర వాదనకి దిగే బదులు ఆ పేజీ ముందు పెడితే చాలాసార్లు పని అవుతుంది.

మానసిక జబ్బు, వైద్యం విషయం అయితే: నామినేటెడ్ ప్రతినిధి

నాకు ఈ దారి మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది. ఖర్చు లేదు, కోర్టు లేదు, రోగి చేతిలోంచి ఏదీ పోదు. అయినా మనవాళ్లలో దీని పేరు విన్నవాళ్లే తక్కువ.

2017 చట్టం 14వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది నిండిన ఎవరైనా తన తరఫున ఒక ప్రతినిధిని పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే, లేదా వేలిముద్ర వేస్తే చాలు. జబ్బు లేనప్పుడు, మనసు నిలకడగా ఉన్నప్పుడు రాసుకోవడం ఉత్తమం. భర్తనే పెట్టాలని లేదు, అన్ననే పెట్టాలని లేదు. చిన్ననాటి స్నేహితురాలిని పెట్టుకున్న ఆమె నాకు తెలుసు. అత్తింటివాళ్లు మొదట నొచ్చుకున్నారు. రెండోసారి ఆమెకు జబ్బు తిరగబెట్టినప్పుడు, ఏ మందు ఆమెకు పడదో ఆ స్నేహితురాలే చెప్పగలిగింది.

ఎవరినీ పెట్టుకోకపోతే? చట్టమే వరస చెప్పింది. ముందస్తు ఆదేశంలో (తన వైద్యం గురించి రోగి ముందే రాసుకున్న కాగితంలో) పేరుంటే ఆ మనిషి, లేకపోతే బంధువు, తర్వాత సంరక్షకులు, ఆ తర్వాత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు నియమించే తగిన మనిషి. ఎవరూ దొరకనప్పుడు సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు. సంస్థలవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన వాక్యం ఒకటి ఇక్కడే ఉంది. బోర్డు నియామకం జరిగే లోపు, మానసిక రోగుల కోసం పనిచేసే రిజిస్టరైన సంస్థ ప్రతినిధిని ఆ బాధ్యతలో తాత్కాలికంగా పెట్టుకునే వీలు వైద్య నిపుణులకు ఉంది. మీ సంస్థ ఈ పనిలో ఉంటే, మీ జిల్లాకు దగ్గరలో ఉన్న మానసిక వైద్యశాలకు, అది ఎర్రగడ్డ అయినా విశాఖ అయినా, మీరు అందుబాటులో ఉన్నారని ముందే లేఖ ఇచ్చి పెట్టండి. బస్టాండులోనో రైల్వే స్టేషన్లోనో తిరుగుతూ దొరికిన మనిషికి నా అన్నవాళ్లు ఉండరు. అలాంటివాళ్లను పోలీసులు ఇరవైనాలుగు గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలని, లాకప్పులో పెట్టకూడదని ఇదే చట్టం 100వ సెక్షన్ చెబుతుంది. అక్కడికి చేరాక పక్కన నిలబడేవాళ్లు కావాలి.

ప్రతినిధి చేయాల్సిందేమిటో 17వ సెక్షన్‌లో ఉంది. రోగి ఇప్పుడేం కోరుతున్నాడో, ముందేం కోరేవాడో, అతని జీవితం, విలువలు ఏమిటో చూసి దాన్నిబట్టి నడవాలి. జబ్బు గురించి, వైద్యం గురించి సమాచారం అడిగే హక్కు ఉంది. డిశ్చార్జి ఎలా, ఆ తర్వాత ఎక్కడ అన్న ఆలోచనలో పాలుపంచుకునే హక్కు ఉంది.

రోగి ఒప్పుకోకుండా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మాత్రం నియమాలు గట్టివి. 89వ సెక్షన్ కింద చేర్చాలంటే ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అందులో ఒకరు సైకియాట్రిస్టు. తనకో పరులకో హాని జరిగే స్థితి, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉందని తేలాలి. ముప్ఫై రోజులకు మించి ఆ సెక్షన్ కింద ఉంచకూడదు. రోగి తన నిర్ణయం తాను తీసుకోగలడా అన్నది వారం వారం తిరిగి చూడాలి. చేర్చుకున్న సంగతి బోర్డుకు ఏడు రోజుల్లో, ఆడవాళ్లూ మైనర్లూ అయితే మూడు రోజుల్లో తెలపాలి. అభ్యంతరం పెడితే బోర్డు ఏడు రోజుల్లో తేల్చాలి. “మావాడు ఇంట్లో గొడవ చేస్తున్నాడు, ఏడాది పాటు లోపల పెట్టించండి” అని వచ్చే కుటుంబాలకు నేను ఇదంతా ఓపిగ్గా చెబుతాను. వాళ్ల అలసట నిజమైనదే. దానికి మందు టెలిమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, దగ్గరలోని ఓపీ, ఇంటికొచ్చి మాట్లాడే మనిషి. ఏడాది పాటు తాళం వేయడం చట్టమూ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

దీనికి ఉన్న పెద్ద పరిమితి ఇదీ: నామినేటెడ్ ప్రతినిధికి రోగి ఆస్తి మీద గానీ బ్యాంకు ఖాతా మీద గానీ పిసరంత అధికారం లేదు. వైద్యం వరకే. వైద్యంలో కూడా, నిర్ణయం తీసుకునే స్థితి రోగికి తిరిగి రాగానే ప్రతినిధి వెనక్కి తగ్గాలి.

పక్కనే చెప్పుకోవలసింది ముందస్తు ఆదేశం. మానసిక జబ్బు వస్తే నాకు ఏ వైద్యం కావాలి, ఏది వద్దు అని ముందే రాసుకునేది. దీన్ని ప్రాణాధార చికిత్స వద్దని రాసుకునే లివింగ్ విల్‌తో కలిపేయకండి. అది 2018 సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వేరే సంగతి.

మేధోవైకల్యం, ఆటిజం ఉన్న బిడ్డకు పద్దెనిమిది నిండితే: లోకల్ లెవెల్ కమిటీ

బిడ్డకు పద్దెనిమిది నిండిన రోజున అమ్మానాన్నలు చట్టం దృష్టిలో సహజ సంరక్షకులుగా ఉండరు. ఈ సంగతి చెప్పినప్పుడు తల్లులు నావంక చూసే చూపు ఎప్పటికీ అలవాటు కాదు. “నేను కన్నాను కదా మేడమ్, నాకేంటి పర్మిషను?” అంటారు. కోపం న్యాయమైనదే. కానీ ఆ నియమం పద్దెనిమిది నిండిన ప్రతి మనిషినీ పెద్దవాడిగా చూడటం వల్ల వచ్చింది. మన బిడ్డను కూడా అందులో కలుపుకుంది, అంతే.

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాకీ ఒక లోకల్ లెవెల్ కమిటీ ఉండాలి. కలెక్టరు, ట్రస్టులో నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యమున్న ఒక వ్యక్తి అందులో ఉంటారు. కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. తల్లిదండ్రులు గానీ బంధువు గానీ దరఖాస్తు పెట్టవచ్చు. నమోదైన సంస్థ కూడా పెట్టవచ్చు, అయితే బిడ్డ సంరక్షకుడి సమ్మతి ఉండాలి. కోర్టు ఫీజు, వకాల్తా లాంటి బాధలుండవు. బ్యాంకులు ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌ను అంగీకరించాలని రిజర్వు బ్యాంకు 2007లోనే చెప్పింది. ఈ నాలుగు వైకల్యాల్లో ఏదో ఒకటి ఉండి, డబ్బు లెక్క, పింఛను, ఖాతా నడపడం నిజంగా తనవల్ల కాని బిడ్డకు ఇదే మేలైన దారి. సివిల్ కోర్టుకు పోవాల్సిన పనిలేదు.

కమిటీ రెండు సంగతులు చూడాలని చట్టం చెప్పింది. అసలు ఈ మనిషికి గార్డియన్ అవసరమా? అవసరమైతే ఏ ఏ పనులకు? దరఖాస్తు రాసేటప్పుడు నేను ఈ రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువ సమయం గడుపుతాను. ‘అన్ని వ్యవహారాలకు’ అని రాయించడం తేలిక. ‘బ్యాంకు ఖాతా, పింఛను’ అని రాయించడం మంచిది. 2016 చట్టం వచ్చాక ఏ చట్టం కింద నియమించిన గార్డియన్ అయినా పరిమిత సంరక్షకుడిగానే పనిచేయాలి. అంటే బిడ్డను అడిగి, కలిసి నిర్ణయించాలి. ఈ మాట సర్టిఫికెట్ తీసుకునే రోజున తల్లిదండ్రులకు చెప్పేవాళ్లు ఉండరు. మనమే చెప్పాలి.

గార్డియన్‌కు లెక్కలు చెప్పే బాధ్యత కూడా ఉంది. నియామకం జరిగిన ఆరు నెలల్లోపు బిడ్డ ఆస్తిపాస్తుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో జమాఖర్చులు ఇవ్వాలి. చాలామంది ఇవ్వరు, అడిగేవాళ్లూ తక్కువ. తల్లిదండ్రుల తర్వాత బాధ్యత బాబాయి చేతికో అన్న చేతికో వెళ్లినప్పుడు ఈ లెక్కలే ఆ బిడ్డకు కాపలా. గార్డియన్ పట్టించుకోకపోయినా, సొమ్ము తినేసినా, హింసపెట్టినా తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థ ఎవరైనా 17వ సెక్షన్ కింద కమిటీని కోరవచ్చు. మనం గార్డియన్‌షిప్ ఇప్పించి చేతులు దులుపుకోకూడదు. ఏడాదికోసారి ఆ ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి.

అదే ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమాకు గార్డియన్ సర్టిఫికెట్ కోసం ఆగనక్కర్లేదు. లక్ష రూపాయల వరకు కవరు ఉంటుంది. ఈ నాలుగు వైకల్యాల్లో ఏదున్నా దరఖాస్తు పెట్టించండి.

ఈ రెంటికీ చిక్కని కేసులు

2016 చట్టం 14వ సెక్షన్ పరిమిత సంరక్షణ అనే దారి తెరిచింది. ఆ చట్టంలోని ఇరవైయొక్క వైకల్యాలకూ ఇది వర్తిస్తుంది కనుక మానసిక జబ్బు ఉన్న మనిషి డబ్బు వ్యవహారాలు ఇక్కడికే వస్తాయి. జిల్లా కోర్టు గానీ రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఇస్తారు. ఒక నిర్దిష్టమైన నిర్ణయం కోసం, ఒక నిర్దిష్ట కాలానికి మాత్రమే. మందు వాడుతూ చాలావరకు బాగానే ఉండే మనిషికి, ఒక ఇంటి పంపకం వరకు తోడు కావాలంటే ఇది సరిపోతుంది. లాయరు కావాలి కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. దివ్యాంగులకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

జీపీఏ, అంటే తన తరఫున పనులు చూడమని ఇంకొకరికి రాసిచ్చే అధికార పత్రం, దాని గురించి రెండు మాటల్లో చెబుతాను. రాసిచ్చిన మనిషి బుద్ధి స్థిమితంగా ఉన్నంతకాలమే అది చెల్లుతుంది. 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవాడికి మతి చెడితే ఆ అధికారం ఆగిపోతుంది. మతిమరుపు జబ్బు ముదిరిన నాన్న పేరు మీద పాత జీపీఏతో స్థలం అమ్ముతామని వచ్చేవాళ్లను నేను అక్కడే ఆపుతాను. జబ్బు తొలిదశలో ఉన్నప్పుడే పెద్దాయనతో మాట్లాడి ఉమ్మడి ఖాతా, వీలునామా చక్కబెట్టుకోవడం మేలు.

కోమాలో ఉన్న మనిషికీ, మతి పూర్తిగా తప్పిన వృద్ధులకీ పై చట్టాలేవీ సరిగ్గా అతకవు. ఆసుపత్రి ఖర్చుకు డబ్బు తీయాలన్నా కుటుంబం హైకోర్టుకే వెళ్లాల్సి వస్తోంది. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మెడికల్ బోర్డు పరీక్ష, రెవెన్యూ అధికారి విచారణ, నియమితులైనవాళ్లు కోర్టుకు నివేదికలివ్వడం అందులో ఉన్నాయి. ఇది ఖరీదైన దారి, ఆలస్యమయ్యే దారి. ఇంకో గత్యంతరం లేదని తేలాకే చెప్పండి.

పెద్దవాళ్లను పిల్లలు చూడటం లేదన్నదే అసలు బాధ అయితే గార్డియన్ మాట ఎత్తకండి. అది 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లే విషయం. ముసలామె స్వయంగా రాలేకపోతే, ఆమె అధికారమిచ్చిన సంస్థ ఆమె తరఫున దరఖాస్తు పెట్టవచ్చని చట్టంలోనే ఉంది. ట్రిబ్యునల్ తనంతట తానూ చేపట్టవచ్చు. 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయించి మొదలుపెట్టినా సరే.

మనం ఎవరి తరఫున?

ఇది కాగితాల సంగతి కాదు కానీ, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మన దగ్గరికి వచ్చేది కుటుంబం. టీ తాగించేది కుటుంబం, కన్నీళ్లు పెట్టుకునేది కుటుంబం. మెల్లగా మనం కుటుంబం తరఫు మనుషులమైపోతాం. కుటుంబం కోరేదీ, ఆ మనిషి కోరేదీ ఒకటే అయినంతసేపు ఇబ్బంది లేదు. రెండూ వేరైనప్పుడు మనం ఎటు నిలబడతామో ముందే తేల్చుకోవాలి. 2016 చట్టంలో ఒక మంచి నియమం ఉంది. తోడుగా ఉన్న మనిషికీ, వైకల్యమున్న మనిషికీ ఏదైనా డబ్బు, ఆస్తి లావాదేవీలో ప్రయోజనాలు ఎదురుపడితే, ఆ లావాదేవీలో తోడుగా ఉన్న మనిషి తప్పుకోవాలి. సంస్థలూ దీన్ని పాటించాలని నా ఉద్దేశం. హాస్టల్ నడిపే సంస్థే తన హాస్టల్లో ఉన్న బిడ్డకు గార్డియన్ కావడం నాకు సమ్మతం కాదు. బిడ్డ ఆ హాస్టల్ మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరితో చెప్పుకోవాలి?

సమీక్షా బోర్డుల్లో ఇద్దరు సభ్యుల స్థానాలకు మానసిక జబ్బు అనుభవించినవాళ్లు, వాళ్ల సంరక్షకులు, ఈ రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలవాళ్లు అర్హులు. ప్రకటన వస్తే జబ్బు నుంచి తేరుకున్నవాళ్ల చేత దరఖాస్తు పెట్టించండి, రాసే సాయం మనం చేద్దాం.

కొంతకాలం కింద ఒక తండ్రి ఇరవై ఏళ్ల కూతురిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. సెరిబ్రల్ పాల్సీ. మాట ముద్దముద్దగా వస్తుంది, చేతులు అదుపులో ఉండవు. పింఛను ఖాతా కోసం గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మన్నారట. నాలుగు వైకల్యాల్లో ఒకటే కాబట్టి దరఖాస్తు పెడితే వచ్చేదేమో. నేను ఆయన్ని వదిలి అమ్మాయి వైపు కుర్చీ తిప్పుకున్నాను. ఆమె ఒడిలో అట్టముక్క ఉంది, దాని మీద అక్షరాలు. పదో తరగతి దాకా ఇంట్లోనే చదివించారట. నీ డబ్బు ఎవరు చూడాలమ్మా అని అడిగితే, చాలాసేపు పట్టింది. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, జారిపోతే మళ్లీ ఆనించి, నేనే అని చెప్పింది.

మేం కమిటీకి వెళ్లలేదు. 13వ సెక్షన్ కాపీ, వేలిముద్ర గురించిన రిజర్వు బ్యాంకు సూచన జతచేసి మేనేజరుకు అమ్మాయి పేరు మీదే లేఖ రాశాం. రెండుసార్లు తిరిగాం. మూడోసారి మేనేజరు బయటికి, ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి, ఖాతా ఎందుకమ్మా అని ఆమెనే అడిగారు. అట్టముక్క మీద జవాబు వచ్చేదాకా నిలబడి చూశారు. వేలిముద్ర వేయించారు. పాస్‌బుక్ తండ్రి చేతికి ఇవ్వబోతే, ఆమె గట్టిగా అరిచి, తన సంచీ వైపు తల తిప్పి చూపించింది. ఆయనే సంచీ జిప్పు తీసి అందులో పెట్టారు.